సీఎస్‌పీ 180 గంటలు: ఊరికి మిగిలేదేంటి?

మెంటర్_పల్నాడు
వచ్చే నెల ఫస్టియర్ బీఎస్సీ పిల్లలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు(సీఎస్‌పీ)కి ఊళ్ళమీదకి వెళ్ళాలి. 180 గంటలు, 4 క్రెడిట్లు. నా కింద 28 మంది. చాలాచోట్ల జరిగే తంతు అందరికీ తెలిసిందే. అరవై ప్రశ్నల సామాజిక ఆర్థిక సర్వే, ప్లాస్టిక్ వద్దని ర్యాలీ, ప్లకార్డులతో ఫొటో, చివర స్పైరల్ బైండింగ్. ఊళ్ళో వాళ్ళు అడిగేది న్యాయమైన ప్రశ్న: "పోయినేడాది కూడా రాసుకెళ్ళారుగా, అదేమైంది?" ఆ కాగితాలు కాలేజీ దాటి మళ్ళీ ఊరికి వెళ్ళవు. యూనివర్సిటీ చుట్టుపక్కల జనానికి ఉపయోగపడటం అంటే ఇదా?

ఊరికి అక్కరకొచ్చేది, ఫస్టియర్ వాళ్ళు చేయగలిగేది, పెద్దగా ఖర్చు లేనిది ఏముందో వివరంగా చెప్పండి. "అవగాహన కల్పించండి" అని మాత్రం దయచేసి రాయొద్దు.

బీకాం_రెండోఏడు
ముందు బస్సు ఛార్జీల సంగతి చూడండి సార్. 180 గంటలంటే రోజుకి 6 గంటల లెక్కన 30 రోజులు. కాలేజీ ఎంచుకున్న ఊరికి రోజూ పోయి రావాలంటే హాస్టల్ పిల్లలకి కుదరదు. అక్కడే జిరాక్స్ షాపులో రెడీమేడ్ రిపోర్టు కొనే ఆలోచన మొదలవుతుంది. ఎవరి సొంత ఊళ్ళో వాళ్ళని చేయనిస్తే సగం గొడవ పోతుంది.

లెక్కలకుప్ప
సొంత ఊరు మంచిదే. కాకపోతే 28 మంది 28 ఊళ్ళలో ఉంటే మెంటర్ ఒక్కరూ ఎక్కడా నిలబడలేరు. మధ్యేమార్గం ఒకటుంది. ఒకే మండలం పిల్లల్ని ఏడుగురేసి నాలుగు జట్లు చేయండి. ఒక్కో జట్టులో కనీసం ఇద్దరు ఆ ఊరివాళ్ళు ఉండాలి.

ఇక ఆ అరవై ప్రశ్నలు. ఇంట్లో ఎంతమంది, రేషన్ కార్డు ఉందా, మరుగుదొడ్డి ఉందా, పింఛను వస్తోందా, ఇవన్నీ గ్రామ సచివాలయంలో ఉన్నవే. ఉన్నదాన్నే మళ్ళీ అడిగితే జనానికి విసుగు రాదా? ఆధార్ నంబరు, ఫోన్ నంబరు అసలు రాసుకోవద్దు. పిల్లల నోటుపుస్తకాల్లో తిరగాల్సిన వివరాలు కావవి.

మొదటి రెండు రోజులు సర్వే కాగితం లేకుండా వెళ్ళండి. రచ్చబండ దగ్గర నేలమీద ముగ్గుపిండితో ఊరి పటం గీయమని ఊరివాళ్ళనే అడగండి: వీధులు, బోర్లు, చెరువు, స్కూలు, నీళ్ళు నిలిచే చోట్లు. పిండి వాళ్ళ చేతిలో ఉండాలి, పిల్లలు చూసి కాగితం మీదకి ఎక్కించుకోవాలి, అంతే. ఆడవాళ్ళతో విడిగా, వాళ్ళకి తీరిక దొరికే వేళలో ఇంకో పటం. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. నీళ్ళకి ఎంత దూరం వెళ్తున్నారు, ఏ పంపు ఎండాకాలం పనిచేయదు, ఇవన్నీ ఎక్కువగా రెండో పటంలోనే తేలతాయి. ఆ పటంమీంచి ఊరు అడిగిన ఒక్క ప్రశ్న ఎంచుకుని, 180 గంటలూ దానిమీదే పెట్టండి.

మెంటర్_పల్నాడు
ఆడవాళ్ళ పటం సంగతి తట్టలేదు, తప్పకుండా చేయిస్తాం. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆ ఒక్క ప్రశ్న నీళ్ళ గురించే అవుతుందని అనుకుంటున్నా. కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ ఉంది. ఫ్లోరైడ్ మనం కొలవగలమా?

పొదిలి_కెమిస్ట్రీ
కొలవొచ్చు, కొలవాలి కూడా. దేశంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు పాడయ్యే జబ్బు) గురించి తొలి నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. మన ప్రాంతపు జబ్బు ఇది. అయినా ఏ బోరులో ఎంత ఉందో తాగేవాళ్ళకి తెలియని ఊళ్ళు ఇప్పటికీ ఉన్నాయి.

హద్దులు: తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా. నైట్రేట్ 45. కరిగిన లవణాలు 500, గత్యంతరం లేకపోతే 2000. పీహెచ్ 6.5 నుంచి 8.5.

శాంపిల్ తీయడంలోనే సగం తప్పులు జరుగుతాయి. ఫ్లోరైడ్‌కి ప్లాస్టిక్ సీసానే వాడాలి, గాజు వద్దు. పంపు కనీసం 5 నిమిషాలు కొట్టి, పైపులో నిలవున్న నీళ్ళు పోయాక పట్టాలి. సీసాని అదే నీళ్ళతో మూడుసార్లు తొలిచి నింపాలి. ఊరు, బోరు కోడు, తేదీ, వేళ సీసా ఒంటిమీద రాయాలి. మూతమీద రాస్తే ల్యాబులో మూతలు మారిపోతాయి, అక్కడితో ఆ రోజు కష్టమంతా పోయినట్టే. పీహెచ్ అక్కడికక్కడే చూడాలి. నైట్రేట్‌కి తీసిన సీసా ఐస్ డబ్బాలో పెట్టి 48 గంటల్లోపు పూర్తి చేయాలి. ఫ్లోరైడ్ సీసాకి అంత తొందర లేదు, 28 రోజులు ఆగుతుంది.

ల్యాబులో స్పాడ్‌న్స్ (రంగు మార్పుని బట్టి ఫ్లోరైడ్ కొలిచే) పద్ధతి అయితే దాని కొలత 1.4 దాకానే నమ్మకం. అంతకన్నా ఎక్కువ చూపిస్తే శాంపిల్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో పలుచన చేసి మళ్ళీ చదివి, పలుచన చేసిన రెట్లతో హెచ్చవేయాలి. ఇది చేయకపోవడం వల్లే 4 ఉన్న బోరు కూడా తక్కువగా కనిపిస్తుంది. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఉంటే ఇంకా మేలు. శాంపిల్, టిసాబ్ అనే బఫర్ ద్రావణం సమపాళ్ళలో, ప్లాస్టిక్ బీకరులో. పదిరెట్లు తేడా ఉన్న రెండు స్టాండర్డ్‌ల (ఫ్లోరైడ్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాల) మధ్య 25 డిగ్రీల దగ్గర సుమారు 59 మిల్లీవోల్టులు తేడా రావాలి. మే నెల ఎండలో ల్యాబు వేడెక్కితే ఈ అంకె కదులుతుంది కాబట్టి స్టాండర్డ్‌లూ శాంపిళ్ళూ ఒకే వేడిమీద ఉండాలి. ప్రతి పది సీసాలకి ఒకటి రెండోసారి, ఏ బోరుదో చదివేవాళ్ళకి చెప్పకుండా చేయించండి. రెండు అంకెలూ దగ్గరగా రాకపోతే ఆ రోజు పని మొత్తం మళ్ళీ చేయాల్సిందే.

కొత్తబోరు
మా దగ్గర నీళ్ళ ప్లాంటు వాళ్ళు టీడీఎస్ మీటరు పెట్టి చూపిస్తారు. అది చాలదా?

పొదిలి_కెమిస్ట్రీ
చాలదు. ఆ మీటరు మొత్తం లవణాలు చెప్తుంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పలేదు. ఫ్లోరైడ్‌కి రుచీ లేదు, రంగూ లేదు. మెత్తగా తియ్యగా ఉన్న బోరు నీళ్ళలోనూ ఎక్కువ ఉండొచ్చు, ఎందుకంటే కాల్షియం తక్కువున్న నీళ్ళలోనే అది ఎక్కువ కరిగి నిలబడుతుంది. కాచినా పోదు. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ దాని పాలు పెరుగుతుంది. ప్లాంటు నీళ్ళని కూడా లిస్టులో పెట్టండి. పొర పాతబడితే వడకట్టడం తగ్గిపోతుంది.

ఏఈ_రిటైర్డ్
ఒక మాట గట్టిగా చెప్పాలి. పరీక్ష చేయడం తేలిక, ఫలితం చెప్పడం కష్టం. ఒక్క రీడింగు చూసి పిల్లలు ఊరి వాట్సాప్ గ్రూపులో "మీ బోరు విషం" అని పెడితే జనం రాత్రికి రాత్రి ఆ పంపు మానేస్తారు. పక్కనున్న మూతలేని బావికి వెళ్తే విరేచనాలు పట్టుకుంటాయి. అందుకే వరుస ఇలా ఉండాలి. 1.5 దాటిన ప్రతి బోరు రెండోసారి శాంపిల్. అదీ దాటితే గ్రామీణ నీటి సరఫరా విభాగం మండల ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి), పంచాయతీ కార్యదర్శికి లిఖితంగా తెలియజేయాలి. వాళ్ళ ల్యాబులో సరిచూశాకే ఊళ్ళో చెప్పాలి. చెప్పేటప్పుడు ఏ పంపు తాగడానికి, ఏది వాడకానికి, తాగే నీళ్ళకి దగ్గర్లో వేరే పంపు ఏది అన్నది ఒకే కాగితంలో ఉండాలి. వేరే పంపు చూపించకుండా "ఇది తాగొద్దు" అనడం సేవ కాదు.

జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకి కిట్లతో నీటి పరీక్ష నేర్పించే ఏర్పాటు ఉంది. మీ ఊళ్ళో ఆ ఐదుగురు ఎవరో ముందు కనుక్కోండి. వాళ్ళని పక్కనపెట్టి పిల్లలు కొత్తగా మొదలుపెడితే పిల్లలు వెళ్ళిపోగానే పని ఆగిపోతుంది.

లెక్కలకుప్ప
ఏఈ గారి జాగ్రత్త సరైనదే, కానీ ఒక్కచోట ఒప్పుకోను. ఆఫీసు సరిచూసేదాకా ఊరికి చెప్పకూడదంటే అది నెలలు పట్టొచ్చు. నీళ్ళు తాగేది వాళ్ళు. రెండో శాంపిల్ కూడా ఎక్కువే వస్తే, "ప్రాథమిక పరీక్షలో ఇంత వచ్చింది, సరిచూడమని ఫలానా తేదీన రాశాం" అని చెప్పే హక్కు మనకుంది, వినే హక్కు వాళ్ళకుంది.

ఏఈ_రిటైర్డ్
తేదీ వేసి, ప్రాథమికం అని రాసి, నోటితో కూడా వివరిస్తే నాకు అభ్యంతరం లేదు. వాట్సాప్‌లో అంకె ఒక్కటే విసిరేయడమే వద్దంటున్నా. ఇంకోటి. వానాకాలంలో అయితే కుళాయి చివర క్లోరిన్ కూడా చూడండి, లీటరుకి 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. క్లోరోస్కోప్ అనే చిన్న కిట్టుతో ఐదు నిమిషాల పని. ట్యాంకు దగ్గర కాదు, వీధి చివరి ఇంట్లో చూడాలి.

నల్లరేగడి_గుంటూరు
నీళ్ళ మాటే సాగుతోంది, మట్టి గురించీ చెప్పనివ్వండి. భూసార పరీక్ష పేరుతో కాలేజీలు చేసేవి చాలావరకు పనికిరాకుండా పోయేది వేళ తప్పడం వల్ల. విత్తనం వేశాక రిపోర్టు చేతికిస్తే రైతు దాన్నేం చేసుకుంటాడు? మే మొదటి వారంలో తీస్తే పత్తికి బొటాబొటిగా అందుతుంది, మిరపకి తీరిగ్గా అందుతుంది.

ఎకరాకి 8 నుంచి 10 చోట్ల, వంకరటింకరగా నడుస్తూ తీయాలి. ప్రతిచోటా పైన చెత్త తీసేసి పారతో వి ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంట, దాని గోడ వెంట పైనుంచి కిందిదాకా ఒక మందాన చెక్కాలి. గట్ల దగ్గర, చెట్టు నీడన, పెంటకుప్పలు వేసినచోట, నీళ్ళు నిలిచేచోట వద్దు. అన్నీ గోనెపట్టామీద కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు ఉంచి మిగతావి పారబోయాలి. అరకిలో మిగిలేదాకా ఇదే. నీడన ఆరబెట్టాలి. ఎరువుల బస్తాలో మాత్రం వేయకండి, ఆ బస్తాలో అంటుకున్న గుళికలే రిపోర్టులో కనిపిస్తాయి.

డిగ్రీ కాలేజీ ల్యాబులో పీహెచ్, ఈసీ (లవణాల్ని సూచించే విద్యుత్ వాహకత), సేంద్రియ కర్బనం చేయగలరు. భూసార కార్డులో 12 అంశాలు ఉంటాయి. జింకు, బోరాను లాంటివి మీ దగ్గర కుదరవు. వాటికి కేవీకే(కృషి విజ్ఞాన కేంద్రం)కో, వ్యవసాయ వర్సిటీ ఏరువాక కేంద్రానికో పంపండి, ముందే ఫోన్ చేసి ఎన్ని తీసుకోగలరో అడగండి. వందల సంచులు ఒక్కసారి దింపితే మూలన పడతాయి.

మెంటర్_పల్నాడు
రిపోర్టు వచ్చాక పిల్లలు రైతుకి ఏం చెప్పాలి? "హెక్టారుకి నత్రజని ఇన్ని కిలోలు" అంటే ఎవరికీ ఎక్కదు.

నల్లరేగడి_గుంటూరు
బస్తాల్లోకి మార్చాలి. పిల్లలకి ఇదే అసలు పని, దీనికి ల్యాబు కూడా అక్కర్లేదు. సిఫార్సు మాత్రం కేవీకే వాళ్ళదే ఉండాలి, పిల్లలది లెక్క మాత్రమే.

ఉదాహరణకి ఎకరాకి నత్రజని 48, భాస్వరం 24, పొటాష్ 16 కిలోలు రాశారనుకోండి. డీఏపీలో 46 శాతం భాస్వరం, 18 శాతం నత్రజని. 24 కిలోల భాస్వరానికి 52 కిలోల డీఏపీ కావాలి, అంటే దాదాపు ఒక బస్తా. దానితోనే 9.4 కిలోల నత్రజని వచ్చేసింది. మిగిలిన 38.6 కిలోలకి యూరియా 84 కిలోలు. యూరియా బస్తా ఇప్పుడు 45 కిలోలు కాబట్టి రెండు బస్తాలకి ఆరు కిలోలు తక్కువ. పొటాష్ ఎరువులో 60 శాతం, అంటే 27 కిలోలు. డీఏపీలో ఉన్న నత్రజని తీసేయకుండా యూరియా లెక్కకడితే ఎకరాకి 20 కిలోలు అదనంగా పడుతుంది. ఖర్చు ఒకటే కాదు, పైరు ఏపుగా పెరిగి పురుగుని పిలుస్తుంది.

బీకాం_రెండోఏడు
సైన్సు వాళ్ళకి నీళ్ళున్నాయి, మట్టి ఉంది. కామర్స్, ఆర్ట్స్ వాళ్ళం ర్యాలీకేనా?

వడ్డీలెక్క
మీకు ఇంకా పెద్ద పని ఉంది తమ్ముడూ. వీధి వీధికీ వారపు, నెలవారీ వాయిదాల అప్పులు తిరుగుతున్నాయి. "12 శాతమే" అంటారు. 10,000 తీసుకుంటే ఏడాదికి 1,200 వడ్డీ, మొత్తం 11,200. పన్నెండు వాయిదాలు, నెలకి దాదాపు 933. కానీ అసలు నెలనెలా తగ్గుతూ పోతుంది, వడ్డీ మాత్రం మొదటి 10,000 మీదే కట్టారు. సరిగ్గా లెక్కేస్తే ఏడాదికి 21 శాతం పైనే. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే 24 శాతం. ఇవన్నీ పక్కపక్కన, డ్వాక్రా బ్యాంకు లింకేజీ రుణం వడ్డీతో కలిపి, ఒక్క పేజీలో వేసి సంఘం మీటింగులో చదివి వినిపించండి. ఎవరి అప్పు ఎంతో అడగొద్దు, రాసుకోవద్దు. లెక్కకట్టే పద్ధతి నేర్పితే వాళ్ళ పాస్‌బుక్కు వాళ్ళే తీస్తారు. మీటింగ్ తేదీ కోసం ముందు వీవోఏ (గ్రామ సంఘాల పనులు చూసే సహాయకురాలు) గారిని కలవండి.

గొలుసుకట్టు_వరంగల్
మా దిక్కు సీఎస్‌పీ లేదు గానీ ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ఉన్నది: ఏడాదికి 120 గంటలు, వారం రోజుల స్పెషల్ క్యాంపు. ఆ వారం రోజులు రోడ్లు ఊడుసుడు కన్నా బాయిల నీళ్ళు కొలిచిన్రనుకో, ఊరికి పదేండ్లు పనికొస్తది. ఊరికి ఐదారు పాత బాయిలు ఎంచుకోవాలె. పొద్దుగాల మోటార్లు పెట్టకముందే కొలవాలె, మోటరు నడిచినంక కొలిస్తె మట్టం తప్పు వస్తది. స్టీలు టేపు చివరి మీటరుకు సుద్దముక్క రాసి దించితె ఎంతవరకు తడిసిందో తెలుస్తది. గట్టు ఎత్తు తీసేసి నేల మట్టం నుంచి లెక్క రాయాలె. మే నెలల ఒకసారి, నవంబర్‌ల ఒకసారి. చెరువు నిండిన ఏడు బాయిల ఎంత లేచింది, నిండని ఏడు ఎంత దిగింది, ఇది ఊరి చేతిల ఉంటె రెండో పంటకు వరి ఎయ్యాల్నా ఆరుతడి ఎయ్యాల్నా అనేది మాట్లాడుకోవచ్చు. ఒక్క ఏడాది కొలిచి ఇడిసిపెడితె మాత్రం లాభం లేదు.

ఏఎన్‌ఎం_అక్క
నీళ్ళ బావుల దాకా బాగుంది. కొన్ని కాలేజీలు "హెల్త్ సర్వే" అని పిల్లలతో వేలు గుచ్చి రక్తం చూపిస్తున్నాయి. అది వద్దు. సూదిపోటు తగిలినా, వాడిన లాన్సెట్ వీధిలో పడేసినా జవాబు చెప్పేవాళ్ళుండరు. హిమోగ్లోబిన్ చూడాలంటే పీహెచ్‌సీ వాళ్ళం వచ్చే రోజు మాతోపాటు రండి. మనుషుల్ని పిలవడం, ఎత్తు బరువు చూడటం, రిజిస్టరు రాయడం పిల్లల పని, గుచ్చడం మా పని. గర్భిణికి 11, మిగతా ఆడవాళ్ళకి 12 కన్నా తక్కువుంటే ఆ వివరం మా దగ్గరే ఉండాలి. ఎవరి పేరూ ప్రాజెక్టు రిపోర్టులోకి ఎక్కకూడదు.

కొత్తబోరు
అందరూ యూనివర్సిటీ ఊరికి ఎలా వెళ్ళాలో చెప్తున్నారు. ఊరివాళ్ళు యూనివర్సిటీ గేటు లోపలికి రావడం సంగతేంటి? చాలా క్యాంపస్‌లలో ఐడీ కార్డు లేకపోతే వాచ్‌మెనే ఆపేస్తాడు.

పొదిలి_కెమిస్ట్రీ
అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. నెలకో శనివారం పూట ల్యాబు తలుపు తెరవండి: "మీ బోరు నీళ్ళు తెచ్చుకోండి". గేటు దగ్గర తెలుగులో బోర్డు, లోపల ఒక బల్ల, సీసాలు తీసుకోవడానికి ఒక మనిషి. కాగితంలో ఐదు విషయాలు చాలు: ఊరు, బోరు ఎక్కడ, లోతు, వాడకం, ఫలితం ఎలా అందాలి. రిపోర్టు పైన "విద్యార్థుల ప్రాథమిక పరీక్ష, గుర్తింపు పొందిన ల్యాబు సర్టిఫికెట్ కాదు" అని పెద్దక్షరాల్లో ఉండాలి. మొదటి నెలల్లో పదిమంది కూడా రాకపోవచ్చు. అందుకని ఆపేయకూడదు. ఫలానా శనివారం తెరిచి ఉంటుందన్న నమ్మకం కుదిరాకే జనం వస్తారు.

ప్రొఫెసర్_విశాఖ
విరుద్ధంగా ఒక మాట. నీటి పరీక్ష ప్రభుత్వ శాఖ పని, భూసారం వ్యవసాయ శాఖ పని. అన్నీ యూనివర్సిటీ నెత్తిన వేస్తే పాఠం ఎప్పుడు చెప్పాలి? ఇప్పటికే క్లాసులు సరిగ్గా జరగడం లేదు.

లెక్కలకుప్ప
పాఠానికి అడ్డం అయితే మీరన్నది నిజం సార్. కానీ పలుచన రెట్లతో హెచ్చవేయడం, స్టాండర్డ్ గ్రాఫు గీయడం, రెండో రీడింగు తీయడం సిలబస్‌లో ఉన్నవే కదా. తెలిసిన సొల్యూషన్‌కి బదులు ఊరి బోరు నీళ్ళు. జవాబు ముందే రికార్డులో రాసి ఉండదు కాబట్టి పిల్లలు కాపీ కొట్టలేరు. శాఖ పనిని మనం మోయడం లేదు, వాళ్ళు చేరని బోర్ల లిస్టు వాళ్ళకి అందిస్తున్నాం.

ప్రొఫెసర్_విశాఖ
ప్రాక్టికల్ మార్కులకి దీన్ని కలిపితే ఒప్పుకుంటా. విడిగా ఇంకో భారంగా పెడితే మళ్ళీ జిరాక్స్ షాపే గతి.

మెంటర్_పల్నాడు
నీళ్ళే తీసుకుంటున్నాం. గంటలు ఎలా పంచాలి? లాగ్‌బుక్‌లో రోజువారీ చూపించాలి. ఎండ ఒకటి, ఆడపిల్లల్ని పంపడం ఒకటి.

లెక్కలకుప్ప
నా లెక్క: పటం, సమావేశాలు 20. శాంపిళ్ళు తీయడం 30. ల్యాబు 50. రెండోసారి పరీక్ష, లెక్కలు 20. ఊరికిచ్చే కాగితం తయారీ 20. తిరిగి వెళ్ళి పంపు పంపు దగ్గరా వివరించడం 25. రిజిస్టరు అప్పగించడం, రిపోర్టు 15. మొత్తం 180. ఊరికి వెనక్కి వెళ్ళే 25 గంటలే ముందు కోతపడేవి. వాటిని మొదటి రోజే లాగ్‌బుక్‌లో తేదీలతో రాయించండి.

ఊళ్ళో పని ఉదయం ఆరున్నర నుంచి పదిన్నర వరకే. తర్వాత ల్యాబు. ఒంటరిగా ఎవర్నీ పంపొద్దు, జట్టులో ఇద్దరన్నా ఆడపిల్లలు ఉండేట్టు చూడండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, పీహెచ్‌సీ ఫోన్ నంబరు జట్టు నాయకుడి దగ్గర ఉండాలి.

ఏఈ_రిటైర్డ్
ఊరికిచ్చే కాగితం ఒక్క పేజీ. అంకెలు చిన్నగా, బోరు పేరు పెద్దగా. "బీ7" అని రాస్తే ఎవరికీ తెలియదు, "రామాలయం వెనక పంపు" అని రాయాలి. కోడు రిజిస్టరులో ఉంటే చాలు. ఆగస్టు 15 గ్రామసభలో చదివించమని కార్యదర్శిని ముందే అడగండి. అప్పటికి పిల్లలకి సెలవులు అయిపోతాయి, జట్టుకి ఇద్దరన్నా ఆ రోజు వెళ్ళాలి.

గొలుసుకట్టు_వరంగల్
రిజిస్టరు రెండు కాపీలు రాయిన్రి సార్, ఒకటి పంచాయతీల, ఒకటి డిపార్ట్‌మెంట్‌ల. వచ్చే ఏడు కొత్త బ్యాచ్ అవే పంపులకు, అదే నెలల, అవే కోడ్లతోటి పోవాలె. మెంటర్ బదిలీ అయినా పని ఆగొద్దు.

మెంటర్_పల్నాడు
రెండు కాపీలు, పైన డిపార్ట్‌మెంట్ ముద్ర కూడా వేయిస్తా. సీసాలు ఎన్ని కొనాలి? నాలుగు ఊళ్ళు కలిపి 46 పంపులు, 3 ప్లాంట్లు.

పొదిలి_కెమిస్ట్రీ
49 చోట్లు, పదికొకటి చొప్పున రెండోసారికి 5, పగిలేవీ కారేవీ కలిపి ఇంకో 6. అరవై కొనండి. ఫ్లోరైడ్‌కి అర లీటరు ప్లాస్టిక్‌వి. నైట్రేట్ కూడా చేస్తుంటే దానికి విడిగా ఇంకో అరవై చిన్నవి, జట్టుకో ఐస్ డబ్బా. సీసామీద రాయడానికి నీళ్ళకి చెదరని మార్కరు. కొన్నాక ఒక సీసాలో డిస్టిల్డ్ వాటర్ పోసి రాత్రంతా ఉంచి మర్నాడు ఫ్లోరైడ్ చూడండి. అందులో ఏమైనా కనిపిస్తే సీసాలన్నీ బాగా కడిగి ఆరబెట్టాకే ఊరికి పంపండి.